నాలుగడుగులు నడిస్తే పోతుందట!

మొన్న మాఘమాసంలో మా తమ్ముడి కూతురి పెళ్ళికి విజయవాడ వెళ్ళాం. పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. పప్పులో ఉప్పు తక్కువైందని ఒకరిద్దరు అన్నారు గాని, ఆ మాట అనకపోతే మనవాళ్ళకి పెళ్ళిభోజనం అరగదు. అయినా నేను చెప్పబోయేది పెళ్ళి సంగతి కాదు. ఆ కల్యాణమండపంలో మేడమీద చివర ఒక గది ఉంది, ఆ గది సంగతి.

అందులో మా చెల్లెలి కూతురు పొత్తికడుపు మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. దానికి ఇరవై ఆరేళ్ళు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. కట్టుకుందామని ముచ్చటపడి తెచ్చుకున్న పట్టుచీర కుర్చీ మీద వేలాడుతోంది.

తలంబ్రాలకి ముందు గంటన్నరలో ఆ గదిలోకి ఏడుగురు వచ్చి వెళ్ళారు. నేను లెక్కపెట్టాను. మొదటావిడ, "లేవకమ్మా, కదిలితే ఇంకా ఎక్కువవుతుంది. ఈ మూడురోజులూ ఆడపిల్ల మెట్లు కూడా ఎక్కకూడదు" అంది. ఆవిడ గడప దాటిందో లేదో రెండో ఆవిడ వచ్చి, "ఎలా తగ్గుతుందే? రోజంతా కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగాలాయె! లేచి నాలుగడుగులు నడువు, అదే పోతుంది. మేము రుబ్బురోలు తిప్పేవాళ్ళం, మాకు ఈ జబ్బుల పేర్లే తెలీవు" అంది. మూడో ఆవిడ సెల్‌ఫోను తీసి ఏదో ఆసనం చూపించింది. నాలుగో ఆవిడ, పెళ్ళయి ఒక కాన్పయితే అన్నీ సర్దుకుంటాయని భరోసా ఇచ్చి, ఆ చేత్తోనే అమెరికాలో ఉన్న తన మేనల్లుడి సంగతి కూడా ఎత్తింది. మిగతా ముగ్గురిలో ఇద్దరు కదలమన్నవాళ్ళు, ఒకరు కదలొద్దన్నవారు. అంటే కదలమన్న పక్షమే నెగ్గిందన్నమాట!

ఆ పిల్ల అందరికీ "సరే అత్తయ్యా", "సరే అమ్మమ్మా" అంటూనే ఉంది. వాళ్ళంతా వెళ్ళాక నాకేసి చూసి, "పెద్దమ్మా, ఆ తలుపు గడియ పెట్టవూ" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మండడం చల్లారాక తీరిగ్గా ఆలోచిస్తే, ఆ వరసలో ఎనిమిదో మనిషిని నేనేనని తేలింది. దానికి పద్నాలుగో ఏట, నెలసరి వచ్చినప్పుడల్లా బడి మానేసి పడుకుంటోందని మా చెల్లెలు దిగులుపడుతుంటే, "వొంటికి వ్యాయామం లేకపోతే ఇంతే" అని ఒక స్కిప్పింగ్ తాడు కొని పంపిన మహాతల్లిని నేను! అది పాపం, పెద్దమ్మ కొనిచ్చిందని రోజూ గెంతింది. నొప్పి తగ్గలేదు. తగ్గలేదంటే సరిగ్గా గెంతడంలేదన్నాం. దాని నొప్పికి ఎండోమెట్రియోసిస్ అనే పేరుందని తెలిసేసరికి దానికి ఇరవై మూడు వచ్చాయి. మధ్యలో తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో మేమందరం దానికి వ్యాయామం చెబుతూనే ఉన్నాం, ఒక్కరం కూడా మంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామనలేదు.

ఇది మా ఇంటి బడాయి మాత్రమే అనుకోకండి. ఇంగ్లండులో ఈ రోగుల సంఘం 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం, అక్కడ ఈ జబ్బు ఫలానా అని తేలడానికి సగటున ఎనిమిదేళ్ళ పది నెలలు పడుతోందట. అన్ని ఆస్పత్రులూ, అంత చదువూ ఉన్న దేశంలో!

అసలు ఆ జబ్బేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. గర్భసంచి లోపల నెలనెలా మందంగా పెరిగి, రాలిపోయే పొర ఒకటి ఉంటుంది. అలాంటి పొరే గర్భసంచి బయట, అంటే అండాశయాల మీదా, కడుపులోపలి గోడల మీదా, పేగుల మీదా, మూత్రాశయం మీదా పెరగడమే ఈ జబ్బు. లోపలి పొరకి బయటికి పోయే దారుంది. దీనికి లేదు. అంచేత అక్కడే వాపు, అక్కడే మచ్చలు. ఒక్కోసారి పేగూ గర్భసంచీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి కూడా. నొప్పి ఆ మూడురోజులతో ఆగదు. కొందరికి దొడ్డికి వెళ్ళినప్పుడు, కొందరికి మొగుడూ పెళ్ళాల కలయికప్పుడు, కొందరికి ఏ కారణమూ లేకుండా. కొందరికి పిల్లలు కలగడమూ కష్టమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పినదాని ప్రకారం, పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్ళలో సుమారు నూటికి పదిమందికి, అంటే ప్రపంచంలో 19 కోట్లమందికి ఇది ఉంది. మీ వీధిలో పదిళ్ళు లెక్కపెట్టి చూసుకోండి.

ఎందుకొస్తుంది? 1927లో సాంప్సన్ అనే అమెరికా డాక్టరు, నెలసరి రక్తం కొంత వెనక్కి, గొట్టాల గుండా కడుపులోకి పోవడం వల్ల వస్తుందన్నాడు. బాగానే ఉంది గాని, అలా వెనక్కి పోవడం చాలామంది ఆడవాళ్ళలో జరిగేదే. అందరికీ రాని జబ్బు కొందరికే ఎందుకొస్తుందో పెద్ద పెద్ద పరిశోధకులకే ఇంకా పూర్తిగా తేలలేదు. మన పెళ్ళిళ్ళలో మాత్రం నిమిషంలో తేలిపోతుంది: "నువ్వు నడవవు గనక!"

మరి ఇంగ్లండు ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ లియా విలియమ్సన్ నడవకే వచ్చిందా? తనకీ జబ్బుందని ఆవిడే పైకి చెప్పింది. 2022లో జట్టుకి నాయకత్వం వహించి యూరప్ కప్పు గెలిపించిన మనిషి. ఆవిడ పరుగెత్తినంత దూరం మన అత్తయ్యలందరి నడకా కలిపినా రాదు. కదలకపోవడం వల్లే వచ్చేదైతే ఆవిడ గడప తొక్కకూడదు కదా!

ఇక్కడ ఎవరైనా నన్నో మాట అడగొచ్చు. "అయితే వ్యాయామం దండగంటావా?" అనను. నా పోట్లాట వ్యాయామంతో కాదు, దాన్ని మందుచీటీగానూ, బెత్తంగానూ వాడేవాళ్ళతో.

పరిశోధనలు ఏమన్నాయో చూడండి. నెలసరి నొప్పికి వ్యాయామం పనికొస్తుందా అని అంతవరకూ జరిగిన పరీక్షలన్నీ ఏరి కూర్చి, 2019లో ఒక పెద్ద సమీక్ష వేశారు. 12 పరీక్షలు, 854 మంది స్త్రీలు. వారానికి మూడుసార్లు, మూడు పావుగంటల నుంచి గంటసేపు చేసినవాళ్ళకి నొప్పి చెప్పుకోదగ్గంతగా తగ్గవచ్చునని తేలింది. తేలిగ్గా చేసినా, గట్టిగా చేసినా సరేనట. సంతోషం. కాని అది వేరే ఏ జబ్బూ లేకుండా వచ్చే మామూలు నెలసరి నొప్పి సంగతి. పైగా ఆధారాలు అంత బలమైనవి కావని వాళ్ళే రాసుకున్నారు. ఎండోమెట్రియోసిస్ విషయానికొస్తే, ఇంకా చిన్న చిన్న పరీక్షలే. బ్రెజిల్‌లో 40 మందితో ఒకటి చేశారు, 2017లో వెలువడింది. వారానికి రెండుసార్లు, గంటన్నర చొప్పున రెండు నెలలు హఠయోగం చేసినవాళ్ళకి రోజువారీ నొప్పి తక్కువగా ఉందన్నారు. నలభైమంది అంటే మన ఊళ్ళో ఒక పేరంటం. అంచేతనే యూరప్‌లో సంతానవైద్యం చేసే డాక్టర్ల సంఘం 2022లో మార్గదర్శకాలు రాస్తూ, నొప్పికి ఫలానా వ్యాయామం చెయ్యండని సిఫారసు చెయ్యడానికి తగినంత ఆధారం లేదంది. అయితే బతుకు కాస్త సుఖంగా సాగడానికి ఇలాంటివి పనికొస్తాయేమో రోగితో కూర్చుని మాట్లాడమని డాక్టర్లకి చెప్పింది.

చూశారా, ఎంత ఒద్దికగా మాట్లాడారో! కొందరికి కొంత మేలు చెయ్యవచ్చు. అంతే. పెరిగిన పొరని వ్యాయామం కరిగిస్తుందని ఎవరూ రుజువు చెయ్యలేదు. నొప్పి మాత్రలు, హార్మోను మాత్రలు, అవసరమైతే ఆపరేషన్, వీటి పక్కన ఒక పీట వేసి కూర్చోబెట్టవలసినదాన్ని మనం సింహాసనం ఎక్కించాం.

ఇక "ఇంటిపనే వ్యాయామం" అనే పాట ఉంది. ఈ పాట పాడేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. రుబ్బురోలూ, నూతిలో చేదా, కళ్ళాపీ పోయాయి గనకనే ఆడవాళ్ళకి జబ్బులొచ్చాయట. పోనీ, లెక్కే చూద్దాం. 2019లో మన కేంద్రప్రభుత్వం దేశమంతా తిరిగి ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో రాసింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. ఆరోగ్యానికి వారానికి 150 నిమిషాల మోస్తరు వ్యాయామం చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఇంటిపనే వ్యాయామమైతే మన ఆడవాళ్ళు మంగళవారానికల్లా నెల కోటా ముగించేసి, మిగతా రోజులు మంచం మీద కూర్చుని వక్కపొడి నమలొచ్చు!

గిన్నెల దగ్గర వంగి నిలబడ్డ నడుముకీ, పొయ్యిదగ్గర ఒంటికాలి మీద బరువు వేసిన తుంటికీ అది వ్యాయామమని ఎవరూ చెప్పలేదు కాబోలు. అవి నొప్పే పుడుతున్నాయి. వ్యాయామమంటే మనిషి తన వొంటిని తాను చూసుకుంటూ, ఎప్పుడు మొదలెట్టాలో, ఎప్పుడు ఆపాలో తానే నిర్ణయించుకుని చేసేది. అంట్లు సగంలో ఆపి, "ఇవాళ్టికి నా వొంటికి ఇది చాలు" అనగల ఇల్లాలు మీ ఎరికలో ఉంటే నాకు ఉత్తరం రాయండి.

రెండో పక్షాన్నీ వదిలిపెట్టను. "మన పెద్దవాళ్ళు తెలివైనవాళ్ళు, విశ్రాంతి కోసమే మూడురోజులు బయట కూర్చోబెట్టారు" అని ఈమధ్య చదువుకున్నవాళ్ళు కూడా అంటున్నారు. విశ్రాంతికైతే చాపా చెంబూ వేరుగా ఎందుకండీ? నేను బళ్ళో చదివేటప్పుడు డ్రిల్లు పీరియడులో "ఒంట్లో బాగులేదు" అన్న పిల్లల్ని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టేవారు. ఎవరి వంతో బడంతా తెలిసేది. బాగున్నా కూర్చోవాలి, అదీ రూలు! ఈ భయం మనదొక్కటే కూడా కాదు. 1928 ఒలింపిక్సులో ఆడవాళ్ళు 800 మీటర్లు పరుగెత్తితే, వాళ్ళ వొళ్ళు తట్టుకోలేదని ఆ పందెమే తీసేశారు. మళ్ళీ 1960 దాకా పెట్టలేదు. ఆడదాని వొంటిని గురించి ఆడదాన్ని తప్ప అందర్నీ అడగడం అన్ని దేశాల్లోనూ ఉన్న ఆచారమే.

మా అమ్మాయి సంగతికి వస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అది ఇంటికి దగ్గర్లో ఒక జిమ్ములో చేరింది. గోడమీద ఇంతింత అక్షరాలతో, నొప్పి లేనిదే లాభం లేదని రాసిపెట్టారట. నొప్పిలో పట్టా పుచ్చుకున్న పిల్లకి ఆ పాఠమొకటి! పొట్ట గట్టిపడాలని రోజూ వందసార్లు లేపి పడుకోబెట్టేవాడు అక్కడి కోచి. ఇది చాలనట్టు, ఆడవాళ్ళ రోగాలన్నింటికీ కెగెల్ వ్యాయామమే మందని ఎవరో చెబితే అదీ మొదలెట్టింది. మూడువారాల్లో నొప్పి రెండింతలైంది.

దాని డాక్టరమ్మ ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపింది. ఆవిడ చెప్పిన మాట విని నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. పొత్తికడుపు అడుగున మూత్రాశయాన్నీ, గర్భసంచినీ, పేగు చివరనీ ఉట్టిలా మోసే కండరాలు కొన్ని ఉంటాయట. ఏళ్ళ తరబడి నొప్పి పడ్డవాళ్ళలో చాలామందికి అవి బిగుసుకుపోయి ఉంటాయి, దెబ్బ పడుతుందని ముందే పిడికిలి బిగించినట్టు. కెగెల్ అనే డాక్టరు 1948లో ఆ వ్యాయామం రాసింది, కాన్పుల తర్వాత ఆ కండరాలు వదులై మూత్రం నిలవనివాళ్ళ కోసం. బిగిసిన పిడికిలిని ఇంకా బిగించమంటే ఏమవుతుంది? ఆవిడ మా అమ్మాయికి ముందుగా నేర్పింది బిగించడం కాదు, వదలడం. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని, పొట్ట పైకి లేచేలా నిదానంగా గాలి పీల్చి, వదిలేటప్పుడు ఆ ఉట్టిని కూడా కిందికి జారనివ్వడం. మొదటి నెల అంతే.

వినడానికి తేలిగ్గా ఉంది కదూ? దానికి చేతనయ్యేది కాదట. "పొట్ట వదలడం నాకు రాదు పెద్దమ్మా, పదేళ్ళప్పట్నుంచీ లోపలికి లాక్కునే నడిచాను" అంది. "పొట్ట లోపలికి లాక్కుని, వీపు నిటారుగా పెట్టి నడవవే, రేపు పెళ్ళిచూపుల్లో..." అని చెప్పింది ఎవరనుకున్నారు? నేనూ, వాళ్ళమ్మానూ. మాకు మా అమ్మ చెప్పింది.

తర్వాత నడక. పది నిమిషాలు. పది అంటే పదే! ఇక్కడ ఇంకో సంగతి నేర్చుకున్నాను. ఈ జబ్బున్నవాళ్ళు నొప్పి లేని రోజున, దొరికిందే చాలని బీరువాలు సర్దేసి, బజారు చేసేసి, నాలుగు కిలోమీటర్లు నడిచేసి, మర్నాటి నుంచి మూడురోజులు మంచమెక్కుతారు. మళ్ళీ బాగున్న రోజు మళ్ళీ అదే. దీన్ని తప్పించాలంటే బాగున్నరోజు ఇంకా ఓపిక ఉండగానే ఆగాలి, బాగులేని రోజు చెయ్యగలిగిన కాస్తా చెయ్యాలి, అసలు లేవలేని రోజు పడుకోవాలి. వ్యాయామం చేసిన మర్నాడు నొప్పి పెరిగితే అది బద్ధకం కాదు, ఎక్కువైందని కబురు. ఆపరేషను అయినవాళ్ళయితే ఎప్పుడు మొదలెట్టాలో, ఎంత బరువు ఎత్తొచ్చో తమ డాక్టరుని అడగాలి తప్ప పక్కింటివాళ్ళని కాదు.

మా అమ్మాయికి పడింది ఈత. ఇంకొకరికి సైకిలు పడొచ్చు, ఇంకొకరికి నాట్యం, ఇంకొకరికి ఏదీ పడకపోవచ్చు కూడా. నీళ్ళలో వొళ్ళు తేలిగ్గా ఉంటుంది, నడుముమీద బరువు పడదు అంటుంది. వారానికి మూడురోజులు వెళుతోంది. నొప్పి పోయిందా? పోలేదు. ఆ పెళ్ళినాడు కళ్ళారా చూశాను కదా. మాత్రలూ మానలేదు. నిద్ర పడుతోందిట, మనసు కాస్త నిలుస్తోందిట, నొప్పి వచ్చినప్పుడు ముందున్నంత హడలిపోవడం లేదట. నాకది తక్కువనిపించలేదు.

అయితే ఆ మూడురోజులు సంపాదించడానికి ఇంట్లో పెద్ద మహాభారతమే జరిగింది. ఆ ఈతకొలనులో ఆడవాళ్ళ బ్యాచి పొద్దున్న ఏడు నుంచి ఎనిమిది. ఆ గంటే కదా మన ఇళ్ళలో టిఫిన్లూ, క్యారియర్లూ తయారయ్యేది! "అది పోతే నాకు సాయమెవరే?" అంది మా చెల్లెలు. మా మరిది పేపరు వెనకనుంచి, "సాయంత్రం వెళ్ళొచ్చుగా" అన్నాడు. సాయంత్రం మగవాళ్ళ బ్యాచి. ఆ పేపరు లాక్కుని, "నడవమని దానికి పదేళ్ళు చెప్పారు కదా మరిదిగారూ, ఇప్పుడు అది నడుస్తానంటోంది, మీరు ఉప్మా కలపండి" అన్నాను. వయసులో పెద్దదాన్ని కనక ఏమీ అనలేకపోయాడు. ఇప్పుడు వారానికి మూడురోజులు ఆయనే చేస్తున్నాడు. ఉండలు కడుతోంది. తింటున్నారు.

"వ్యాయామం చెయ్యి" అని సలహా ఇచ్చేవాళ్ళని నేనిప్పుడు మూడు ప్రశ్నలు వేస్తున్నాను. ఏ డాక్టరుకి చూపించారు? ఏ గంట ఇస్తున్నారు? ఆ గంటలో ఆవిడ పని ఎవరు చేస్తున్నారు? మూడింటికీ జవాబు చెప్పినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరే కనిపించారు. ఆవిడ ఫిజియోథెరపిస్టు.

కిందటి వారం మా అమ్మాయి ఫోను చేసింది. ఈతకొలనువాళ్ళు ఆడవాళ్ళ గంట తీసేసి పిల్లల కోచింగుకి ఇస్తారట, ఆడవాళ్ళు పట్టుమని పదిహేనుమంది కూడా రావడంలేదని. వీళ్ళంతా కలిసి అర్జీ రాశారు. సంతకాలు చాలవని నన్నూ రమ్మంది. వెళ్ళాను. అక్కడ మెట్ల మీద కూర్చుని మోకాళ్ళ నొప్పుల మామ్మగారొకరు, కొత్తగా ఆపరేషనయిన అమ్మాయొకతె, మా అమ్మాయి, ఇంకో పదిమంది. గుమాస్తా నా వయసు చూసి, "మీరు కూడా ఈతకొస్తారాండీ?" అని అడిగాడు. నాకు ఈత రాదు. వస్తానని చెప్పి సంతకం పెట్టాను.